వెలగనట్టే లెక్క

ఒక పెద్ద దీపాల గుత్తి గాల్లో వేలాడుతూ వేలాడుతూ ఎవరిదీ కాకుండా పోవడం నేను కళ్ళారా చూశాను. ఈ మాట చెబితే మనవలు నవ్వుతారు. వస్తువన్నాక ఎవరో ఒకరిది అయ్యుండాలి కదా నానమ్మా అంటారు. ఉండాలి, కాదనను. కానీ ఆ రోజు నుంచి చాలా కాలం దాన్ని నాది అని ఒప్పుకునేవాడు నేల మీదా లేడు, నీళ్ళ అవతలా లేడు.

మా అత్తవారిది గాజు పని. ముందు ఇల్లు, వెనక కొలిమి, మధ్యలో గోనెపట్టా తెర. ఆ తెర తొలగినప్పుడల్లా ఇంట్లోకి నారింజ రంగు వెలుతురు వచ్చి పోయేది. కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఇల్లే ఊపిరి పీల్చి వదులుతోందా అనిపించేది నాకు. మామయ్యగారు కొలిమి దగ్గర గొట్టంతో గాజు ఊదేవారు. మా ఆయన పక్కన నిలబడి అందుకునేవారు. అత్తయ్యా నేనూ ఇంటివైపు కూర్చుని లోలకులు తీగకి గుచ్చేవాళ్ళం. లోలకులంటే దీపాల గుత్తి కింద నీటిచుక్కల్లా వేలాడే గాజు ముక్కలు. వాటి మీద ఎండ పడితే గోడ నిండా రంగులు ఒలికేవి. నేను తినే కంచంలో కూడా పడేవి. కొత్త కోడలు రంగులు కలుపుకుని తింటోందని అత్తయ్య ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పి నవ్వేది.

మామయ్యగారిది మాట పొదుపు. నోట్లో గొట్టం ఉన్నంతసేపూ ఎలాగూ మాట్లాడరు, తీశాక కూడా ఆ అలవాటు పోలేదు అనేది అత్తయ్య.

అలాంటి ఇంటికి సముద్రం అవతల నుంచి ఒక కంపెనీ ఏజెంటు వచ్చాడు. వాళ్ళు పెద్ద నాటకశాల కడుతున్నారట. దాని నడిమధ్యన వేలాడదీయడానికి, ఇంతకు ముందు ఎవరూ చెయ్యనంత పెద్ద దీపాల గుత్తి కావాలట. మామయ్యగారు చేసిన చిన్న గుత్తి ఒకటి మా వసారాలో ఉండేది. దాని కింద నిలబడి ఆ ఏజెంటు చాలాసేపు పైకి చూశాడు. మెడ పట్టేస్తుంది నాయనా, కూర్చో అని అత్తయ్య అనేదాకా కదల్లేదు.

తర్వాత కాంట్రాక్టు కాగితాలు వచ్చాయి. కట్ట తలగడంత ఉంది. చదివి చెప్పడానికి మేము గొడుగు లాయరుని పిలిచాం. వానా ఎండా లేకపోయినా ఆయన చేతిలో గొడుగు ఉండేది. వచ్చీరాగానే దాన్ని బల్ల అంచుకి తగిలించి, అది ఊగడం ఆగాకే మాట మొదలుపెట్టేవాడు. ఆ కాగితాల్లో ఏముందో ఆయన చెబుతుంటే మా అందరికీ నిద్రలో కథ వింటున్నట్టు ఉంది. గొడవ వస్తే తీర్చడానికి మా దేశం చట్టమూ కాదట, వాళ్ళ దేశం చట్టమూ కాదట, ఇంకెక్కడిదో మూడో దేశం చట్టమట. మధ్యవర్తి కూడా అక్కడి మనిషేనట. మన ఇద్దరి మొహాలూ ఎరగనివాడు మన తగువు తీరుస్తాడా అని అత్తయ్య బుగ్గన వేలేసుకుంది. ఎరగడు కనకే తీరుస్తాడమ్మా అన్నాడు లాయరు.

సరుకు ఓడ ఎక్కేటప్పుడు, ఓడ అంచున ఉండే రెయిలింగు దాటేదాకా అది మాది. దాటిన క్షణం నుంచి వాళ్ళది. ఇవతల పగిలితే మా నష్టం, అవతల పగిలితే వాళ్ళ నష్టం. ఆ రెయిలింగుని అత్తయ్య ఓడ పిట్టగోడ అనేది. మాకు అది తేలిగ్గానే అర్థమైంది. పిట్టగోడకి అటు పక్కింటివాళ్ళు, ఇటు మనం. అంతే కదా అనుకున్నాం.

ఇంకో షరతు దగ్గర మాత్రం మామయ్యగారు తల ఎత్తారు. ఆ గుత్తి కొత్తదిగా ఉండాలి, అంటే మొదటిసారి ఆ నాటకశాలలోనే వెలగాలి, అంతకు ముందు ఎక్కడా వెలిగించి ఉండకూడదు అని రాసుంది. ఒక్కొక్క దీపం విడిగా సరిచూసుకోవచ్చు. మొత్తం కలిపి వెలిగించడానికి వీల్లేదు.

"నేనూ చూడకూడదా?" అన్నారు మామయ్యగారు.

చూడొచ్చు, అక్కడికి వెళ్ళి చూడొచ్చు, నాటకశాల తెరిచే రోజున మిమ్మల్ని ఓడలో పిలిపించుకుంటామని కూడా రాశారు అని లాయరు ఆ పేజీ తీసి చూపించాడు. మామయ్యగారు ఆ పేజీ మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచి, సంతకం పెట్టారు.

ఆ గుత్తి చేసినన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పసిబిడ్డ పడుకున్న ఇంట్లో తిరిగినట్టు తిరిగాం. అదే రోజుల్లో మామయ్యగారు గుమ్మాలకి భుజం కొట్టుకోవడం మొదలైంది. పక్కన పెట్టిన టీ గ్లాసు కనపడక చెయ్యి తగిలి ఒలికేది. పరాకు అనుకున్నాం మొదట. కళ్ళ డాక్టరు చూసి, చూపు అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోంది, పోయినది తిరిగి రాదు, మిగిలినది కూడా ఎక్కువ కాలం ఉండదు అన్నాడు. ఇంటికి వచ్చాక, గుమ్మంలో చెప్పులు విడుస్తూ మామయ్యగారే అన్నారు.

"ఊదే గొట్టంలోంచి చూసినట్టుంది. పర్లేదులే, ఆ కొసన నా దీపం కనపడితే చాలు."

మా వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మిగతా గాజు పనివాళ్ళు గుత్తిని విప్పి, ముక్కలు ముక్కలుగా ఎండుగడ్డిలో పడుకోబెట్టి పంపుతారు. మేము అలా చెయ్యం. ఎత్తైన చెక్కపెట్టె చేయించి, దాని పై దూలానికి గుత్తిని వేలాడదీసి పంపుతాం. వేలాడటానికి పుట్టినదాన్ని పడుకోబెట్టకూడదని మామయ్యగారి తండ్రిగారి నాటి నుంచి మాట. పెట్టె మూసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడతాం. ఒకరు చేత్తో పెట్టెని మెల్లగా కదుపుతారు. అప్పుడు లోపల అది మోగుతుంది. ఏ లోపమూ లేకపోతే ఆ మోత చెయ్యి తీశాక కూడా కాసేపు అలా సాగుతూ ఉంటుంది. ఎక్కడైనా ఒక్క లోలకు పగిలినా ఆ మోతలో టక్కుమని ఒక మొద్దు చప్పుడు అడ్డం వస్తుంది. అది వినడానికే ఆ నిమిషం ఎవరూ ఊపిరి కూడా తీసుకోరు. ఆ రోజు పెట్టె కదిపినది నేనే. ఏ అడ్డూ లేని ఆ మోత ఆగాక అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ప్యాకింగు అమ్మేవారి వాడుక ప్రకారం అని కాంట్రాక్టులో రాసుంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

హార్బరుకి అందరం వెళ్ళాం. సముద్రం పలచని పొగమంచులో ఉంది. ఓడ ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. క్రేను మా పెట్టెని పైకి తీసింది. చెక్కల సందుల్లోంచి గాలి దూరి లోపల గుత్తి మోగడం మొదలైంది. మూటలు మోసేవాళ్ళు మూటలతోనే ఆగిపోయారు. ఎవరో బీడీ వెలిగించబోయి అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలేదాకా పట్టుకునే ఉన్నాడు. పైనుంచి ఆ మోత వానలా మా మీద రాలుతోంది.

పెట్టె సరిగ్గా ఓడ రెయిలింగు మీదికి వచ్చిందో లేదో, క్రేను ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. పెట్టె అక్కడే ఊగింది. అటు ఊగితే వాళ్ళది, ఇటు ఊగితే మాది. ఓడలోని నావికులు చేతులు చాపి అందుకోబోయారు. ఒకడి వేళ్ళు తగిలాయి కూడా, నేను చూశాను. అంతలో కరెంటు వచ్చి క్రేను గట్టిగా ఒక్క కుదుపు కుదిపింది. ఆ మోతలో టక్కుమంది.

మామయ్యగారు అంత గట్టిగా అరవగా అంతకు ముందు ఎవరూ వినలేదు. రెండు చేతులూ పైకెత్తి, దించండి, ఇటు దించండి, అది నాది అని అరిచారు. క్రేను అతను బెదిరిపోయి పెట్టెని మళ్ళీ మా వైపు, నేల మీదికి దించేశాడు. గొడుగు లాయరు చేతిలోంచి గొడుగు జారి నీళ్ళలో పడింది. పోయిన గొడుగు కేసి కూడా చూడకుండా ఆయన మామయ్యగారి కేసే చూశాడు.

ఎందుకలా చూశాడో మాకు తర్వాత అర్థమైంది. ఓడ ఆగదు, వెళ్ళిపోయింది. అవతలివాళ్ళు రాశారు, సరుకు మా ఓడలోకి రానే లేదు, పగిలినప్పుడు అది మీదే, మీ పెద్దాయనే నాది అని అందరి ముందూ అరిచాడు, పైగా గడ్డిలో పెట్టకుండా వేలాడదీసి పంపడమేమిటి అని. మా లాయరు రాశాడు, అది రెయిలింగు దాటింది, మీ మనుషుల చేతులు దాని మీద పడ్డాయి, పెద్దాయన ప్రేమ కొద్దీ అరిచాడు కానీ హక్కు కొద్దీ కాదు, ప్యాకింగు మా వాడుక ప్రకారమేనని మీరే ఒప్పుకున్నారు అని. ఎవరి కాగితం చదివితే వాళ్ళదే నిజమనిపించేది నాకు. ఊగిన పెట్టె అటూ ఉంది, ఇటూ ఉంది. నేనేం చెప్పను?

పెట్టెని హార్బరు గోడౌనులో పెట్టి ఇద్దరి తరఫునా సీళ్ళు వేశారు. తెరిచి చూద్దామంటే ఎవరికీ ధైర్యం లేదు. తెరిస్తే నాది అని ఒప్పుకున్నట్టట. మా ఆయన కాలు గాలిన పిల్లిలా తిరిగేవారు. నాన్నకి చూపు ఉండగానే పెట్టె పగలగొట్టి ఇంటికి తెచ్చి వెలిగించేస్తాను, ఏమైతే అదవుతుంది అన్నారు.

"ఆ సీలు మీద నీ గోరు పడినా సరే," అన్నాడు గొడుగు లాయరు, "దీపమూ నీదే, నష్టమూ నీదే. మీ కొలిమి ఆర్పేసుకోవాలి. ఆలోచించుకో బాబూ."

కన్నబిడ్డని చూసుకోవడానికి కాగితాలు అడ్డమా అని అత్తయ్య ఆయన్ని ఆ రోజు టీ కూడా ఇవ్వకుండా పంపేసింది. మామయ్యగారు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఆ ఒక్క కేక వెయ్యకుండా ఉంటే పెట్టె ఈపాటికి దాటిపోయేదని ఆయనకి తెలుసు. ఆ చప్పుడు విని ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదనీ మాకు తెలుసు.

పొద్దున్నే ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవారు. నేను చెయ్యి పట్టుకుని హార్బరుకి తీసుకెళ్ళేదాన్ని. గోడౌను గోడ పక్కన ఒక బల్ల ఉండేది. దాని మీద కూర్చుని వీపు గోడకి ఆనించేవారు. లారీ ఏదైనా వెళితే నేల అదిరి, లోపల చీకట్లో గుత్తి సన్నగా మోగేది. ఆయన కళ్ళు మూసుకునేవారు. నేను లోలకులు గుచ్చే పని వెంట తెచ్చుకుని అక్కడే చేసుకునేదాన్ని. పడవలు వచ్చేవి, పోయేవి. ఆ రోజులన్నీ ఒకే మధ్యాహ్నంలా కలిసిపోయి గుర్తున్నాయి నాకు.

ఒకరోజు సీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి అవతలి కంపెనీ తరఫు లాయరమ్మ వచ్చింది. ఈ ఊరి పిల్లే. ఆ కంపెనీ వాళ్ళు ఆమెని పెట్టుకున్నారు. ఎండకి అలిసిపోయి మా బల్ల చివర కూర్చుంది. మేము ఎవరమో తెలిసినట్టే ఉంది కానీ పలకరించలేదు. ఇంతలో లారీ వెళ్ళింది. ఆ అమ్మాయి చుట్టూ చూసింది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"మీరు వద్దన్నదే," అన్నాను నేను.

ఆమె నవ్వాపుకుంది. మామయ్యగారు గొంతు వచ్చిన వైపు మెల్లగా తల తిప్పి, ఆమెని గొట్టం కొసలో దొరకబుచ్చుకున్నారు.

"నువ్వు దాన్ని చూశావా తల్లీ?"

"లేదండీ. కాగితం మీద బొమ్మ చూశానంతే."

"నేనూ అంతే," అన్నారు మామయ్యగారు.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చేసినవాడు చూడకపోవడమేమిటి అంది. షరతు సంగతి ఆమెకి తెలిసిందే కదా, మిగతాది నేను చెప్పాను, డాక్టరు మాటతో సహా. ఆమె నల్లకోటు అంచుని వేళ్ళతో మడుస్తూ విప్పుతూ వింది. లేచేటప్పుడు, నేను అవతలివాళ్ళ మనిషిని, ఇవన్నీ నేను విననట్టే లెక్క అంది. సరేనమ్మా, మేము చెప్పనట్టే లెక్క అన్నాను.

కొన్నాళ్ళకి ఆమె దగ్గర నుంచి మా లాయరుకి ఒక కాగితం వచ్చింది. ఎవరిది తప్పో తేల్చే ముందు ఎంత పాడైందో తేలాలి కదా, ఇద్దరి ముందూ పెట్టె తెరిచి పరీక్ష చేద్దాం అని ఉంది. తెరిచినంత మాత్రాన ఎవరూ నాది అని ఒప్పుకున్నట్టు కాదు. లోపలి తీగలు బాగున్నాయో లేదో తెలియాలంటే మొత్తం వెలిగించి చూడాలి. పరీక్ష కోసం వెలిగించినది కాంట్రాక్టు ప్రకారం వెలగనట్టే లెక్క. ఆ కంపెనీ ఒప్పుకుంది, మూడో దేశంలోని ఆ మధ్యవర్తి కూడా సరేనన్నాడు.

ఇందులో ఏదో మెలిక ఉంది అన్నాడు గొడుగు లాయరు. కొత్త గొడుగు ఊగడం ఆగినా ఆయన మాట మొదలుపెట్టలేదు. కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు, కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. మెలిక దొరకలేదు. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే కనపడ్డాడు.

పరీక్ష మధ్యాహ్నం పెట్టారు. గోడౌను తలుపులు మూసేసరికి లోపల మాపటేళ అయిపోయింది. పెట్టె పలకలు ఊడదీసి, ఎలక్ట్రీషియను గుత్తిని గొలుసుతో పై ఇనుప దూలానికి ఎత్తి కట్టాడు. మామయ్యగారిని నేను కాస్త దూరంగా నిలబెట్టాను. అక్కడి నుంచైతే ముక్కముక్కగా అంతా చూడొచ్చని ఆయనే చెప్పారు. అత్తయ్య ఆయన చొక్కా కొస పట్టుకుంది. స్విచ్చి వేశారు.

ఎలా చెప్పను? ముందు అడుగు వరస వెలిగింది. తర్వాత ఆ వెలుగు నీళ్ళు ఎక్కినట్టు ఒక్కో వరసా పైకి ఎక్కింది. గోడౌనులోని బస్తాలు, తుప్పు పట్టిన లంగర్లు, తాళ్ళ చుట్టలు, మా మొహాలు, అన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు రంగుల్లో ఊగాయి. ఎలక్ట్రీషియను స్విచ్చి మీది నుంచి చెయ్యి తియ్యడం మర్చిపోయాడు. ఒక పక్కన లోలకులు కొన్ని రాలిపోయి చిన్న నల్లటి సందు ఉంది. ఇంత గొడవా దాని గురించే. మామయ్యగారు ఆ సందు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలారు. తల మెల్లగా ఇటు నుంచి అటు, కింద నుంచి పైకి తిప్పుకుంటూ, గొట్టంలో పట్టినంత మేరే చూస్తూ పోయారు.

పరీక్ష నివేదిక రాసి సంతకాలయ్యేదాకా దీపం ఉంచాలి, తర్వాత ఆర్పేయాలి. అదీ ఏర్పాటు. నివేదిక రాయడానికి వచ్చిన గుమాస్తా చురుకైనవాడు. చకచకా రాసేసి కలం మూత పెట్టేశాడు. మామయ్యగారు అప్పటికి సగం కూడా చూడలేదు.

"మొదటి నుంచి ఒకసారి చదవండి," అంది లాయరమ్మ.

చదివాడు. పెట్టె మేకులు ఏ రంగువో రాయలేదే అంది. మా లాయరు ఆమె కేసి చూశాడు, మామయ్యగారి కేసి చూశాడు. గొడుగు తీసి ఒక బస్తాకి తగిలించి, అది ఊగడం పూర్తిగా ఆగాక అన్నాడు.

"మేకుల రంగు మీద మాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది."

ఇక మొదలైంది. మేకులు తుప్పు రంగా, ఇనుప రంగా? నేల పొడిగా ఉందా, తడిగా ఉందా? తాడుని తాడు అని రాయాలా, మోకు అని రాయాలా? ఆ ఇద్దరూ అంత గట్టిగా, అంత ఓపిగ్గా దెబ్బలాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గుమాస్తా మొదట విసుక్కున్నాడు. తర్వాత తల ఎత్తి మామయ్యగారిని చూసి, కలం మూసేసి, పెన్సిలు తీసి నిదానంగా చెక్కడం మొదలుపెట్టాడు. అత్తయ్యకి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, చెంగు మాత్రం నోట్లో కుక్కుకుంది.

తలుపు సందులోంచి పడే ఎండ గీత పక్కకి జరిగిపోయింది. చివరికి మామయ్యగారే అన్నారు.

"ఇక చాలు, ఆర్పండి. పాపం, వాళ్ళు మొదటిసారి వెలిగించుకోవాలి కదా."

ఆర్పేశారు. మేకుల రంగు మీద ఇద్దరికీ ఒక్కసారిగా రాజీ కుదిరింది.

పెద్ద తగువు కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. పోయినవి కొన్ని లోలకులే అని తేలాక రెండు వైపులా పట్టు సడలింది. లోలకులు మేము కొత్తవి చేసి ఇచ్చేలా, మిగతా ఖర్చు వాళ్ళు పెట్టుకునేలా కుదిరింది. గుత్తిని మళ్ళీ వేలాడదీసే పంపాం. ఈసారి క్రేను ఆగలేదు. నాటకశాల తెరిచే రోజుకి రమ్మని మామయ్యగారికి మాటిచ్చినట్టే ఓడ టిక్కెట్టు పంపారు. అప్పటికి గొట్టం కొస కూడా మూసుకుపోయింది. వెళ్ళలేదాయన.

ఆ పండగంతా అయ్యాక ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. పరీక్ష రోజున అతను ఇక్కడ లేడు, వెలిగించిన సంగతి కూడా తెలిసినట్టు లేదు. వసారాలో మామయ్యగారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అందరూ చీకట్లో కూర్చున్నారట, ముందు అడుగు వరస వెలిగిందట, తర్వాత వెలుగు నీళ్ళలా పైకి ఎక్కిందట. ప్రపంచంలో అది వెలగడం అదే మొదటిసారి కదా, ఎవరికీ చప్పట్లు కొట్టడం కూడా తోచలేదట. పాపం మీరు చూడలేకపోయారే అని మామయ్యగారి చెయ్యి నిమిరాడు.

"అలాగా," అన్నారు మామయ్యగారు. "ముందు అడుగు వరసా? మళ్ళీ చెప్పు నాయనా."

అతను మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మామయ్యగారు అంతా కొత్తగా వింటున్నట్టే తల ఊపుతూ విన్నారు. నేను గోడ వారగా కూర్చుని లోలకులు గుచ్చుతున్నాను, తల ఎత్తితే నవ్వేస్తానని వంచుకునే ఉన్నాను. అయినా ఓరగా చూశాను. మామయ్యగారు మెల్లగా ఇటు తిరిగి, నాకేసి అనుకుని, నేను లేని చోటికి, గోనెపట్టా తెర వైపుకి కన్ను గీటారు.

నేను తీగ కింద పెట్టి లేచి, చప్పుడు కాకుండా వెళ్ళి ఆ తెర ముందు నిలబడ్డాను.